సర్వీస్ లెర్నింగ్ పాఠాలు – 3: మార్కులు గంటలకా, నేర్చుకున్నదానికా?

సర్వీస్ లెర్నింగ్ అంటే, బయటి సంస్థకు అవసరమైన పని చేస్తూ విద్యార్థులు తమ సబ్జెక్టును నేర్చుకోవడం. మొదటి పాఠంలో మీ సిలబస్‌లోంచి ఒక్క కాన్సెప్ట్ ఎంచుకున్నారు. రెండో పాఠంలో బయటి సంస్థ ఒకదాని దగ్గరికి వెళ్లి, వాళ్లకు ఏ పని అవసరమో వాళ్ల మాటల్లోనే రాసుకొచ్చారు. ఆ రెండు కాగితాలూ ఎదురుగా పెట్టుకుని ఈ పాఠం మొదలుపెట్టండి. రెండో కాగితం ఇంకా ఖాళీగా ఉంటే ముందు ఆ పని చూడండి. సంస్థ అడగని పని మీద ఎంత మంచి ప్రశ్నలు రాసినా ఉపయోగం ఉండదు.

ఈసారి నేర్చుకునేది ఇది: విద్యార్థి చేసొచ్చిన పనిలోంచి చదువును బయటికి రప్పించే ప్రశ్న రాయడం, వచ్చిన జవాబుకు మార్కులు వేయడం. ఈ పాఠాలన్నిటిలో నేను దీనికే ఎక్కువ బరువిస్తాను. ఇది కుదరకపోతే సర్వీస్ మిగులుతుంది, లెర్నింగ్ జారిపోతుంది.

నా మొదటి సెమిస్టర్‌లో నేను హాజరు పట్టీ చూసి మార్కులు వేశాను. ఇరవై గంటలు పనిచేసినవాళ్లకు పూర్తి మార్కులు, పది గంటలు చేసినవాళ్లకు సగం. చివర్లో "మీ అనుభవం రాయండి" అని ఒక పేజీ అడిగాను. దాదాపు అందరూ ఒకేలా రాశారు. చాలా తృప్తిగా ఉంది, మనకున్నదాని విలువ తెలిసింది, ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. అవి అబద్ధాలు కావు, పిల్లలు నిజంగానే కదిలిపోయారు. కానీ ఆ పేజీల్లో నా సబ్జెక్టు ఎక్కడా కనబడలేదు. నేను దాని గురించి అడగలేదు కాబట్టి వాళ్లు రాయలేదు.

సర్వీస్ లెర్నింగ్ అనే మాట 1967 ప్రాంతంలో అమెరికాలో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సేల ద్వారా వాడుకలోకి వచ్చింది. 1979లో సిగ్మన్ దీనికి మూడు సూత్రాలు రాశారు. సేవ ఎలా ఉండాలో అది అందుకునేవాళ్లే నిర్ణయించాలి. దానివల్ల వాళ్ల సొంత శక్తి పెరగాలి. సేవ చేసేవాళ్లు కూడా నేర్చుకునేవాళ్లే, ఏం నేర్చుకోవాలన్న విషయంలో వాళ్ల మాటకూ విలువుండాలి. మొదటి రెండింటి గురించి పోయిన పాఠంలో చెప్పుకున్నాం, ఇప్పుడు మనం మూడోదాని దగ్గర ఉన్నాం. నిజమైన చదువు అనుభవంలోంచి వస్తుందన్నంత మాత్రాన ప్రతి అనుభవమూ చదువు చెప్పదని అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే హెచ్చరించారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈ రంగంలో పనిచేసిన జెఫ్రీ హోవర్డ్ అయితే, క్రెడిట్ నేర్చుకున్నదానికే తప్ప చేసిన సేవకు కాదన్నదాన్ని తన మొదటి సూత్రంగా పెట్టుకున్నారు.

"అంత కష్టపడ్డారు కదా, గంటలకు కొన్ని మార్కులిస్తే ఏం పోయింది?" అని తోటి అధ్యాపకులు అడుగుతుంటారు. లైబ్రరీలో ఎన్ని గంటలు కూర్చున్నారో చూసి మనం పరీక్ష మార్కులు వేయం. చదివిందాంట్లో ఏం పట్టుబడిందో చూసి వేస్తాం. ఇక్కడా అంతే. పని చేయడం పాఠ్యపుస్తకం చదవడం లాంటిది. అది చేయకుండా జవాబు రాయలేరు, అది చేసినంత మాత్రాన మార్కులు రావు.

ఇప్పుడు ప్రశ్న రాద్దాం. మీది స్టాటిస్టిక్స్ కోర్సు అనుకోండి. ఒక ఉచిత వైద్యశాల వాళ్లు, రోగులు ఎంతసేపు ఎదురుచూస్తున్నారో లెక్క తీసిపెట్టమన్నారు. విద్యార్థులు ఒక ఉదయం వెళ్లి పదిమంది వివరాలు రాసుకొచ్చారు. తొమ్మిదిమంది పదేసి నిమిషాలు ఆగారు, ఒకరు 110 నిమిషాలు ఆగారు. మొత్తం 200, పదిమందికి భాగిస్తే 20. రిపోర్టులో "సగటు నిరీక్షణ 20 నిమిషాలు" అని రాసేశారు.

"వైద్యశాలలో మీకేమనిపించింది?" అని అడిగితే మళ్లీ ఆ తృప్తి పేజీలే వస్తాయి. "సగటు, మీడియన్ నిర్వచనాలు రాయండి" అని అడిగితే వైద్యశాలకు వెళ్లకుండానే రాసేయొచ్చు. (మీడియన్ అంటే, అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పెడితే నడిమధ్య వచ్చేది.) ఇలా అడిగి చూడండి: "మీ రిపోర్టులో 20 నిమిషాలని ఉంది. ఆ పదిమందిలో నిజంగా 20 నిమిషాలు ఆగినవాళ్లు ఎంతమంది? మీడియన్ లెక్కగట్టి, రెండు అంకెల్లో దేన్ని వైద్యశాలకు ఇస్తారో, ఎందుకో చెప్పండి. 110 నిమిషాలు ఆగిన మనిషి విషయంలో మీ అంకె ఏం దాస్తోంది?"

ఇరవై నిమిషాలు ఆగినవాళ్లు ఒక్కరూ లేరు. అది కనిపించిన క్షణంలో విద్యార్థికి సగటు అంటే ఏమిటో కొత్తగా తెలుస్తుంది. మీడియన్ 10 అని చూసి, సరే అదే రాద్దామనుకుంటే ఆ పదో మనిషి లెక్కలోంచి పూర్తిగా మాయమవుతాడు. ఆయన ఎందుకు అంతసేపు ఆగాల్సి వచ్చింది? ఎవరైనా అడిగారా? ఒక్క ఉదయం చూసినదాన్నిబట్టి సాయంత్రాల గురించి మాట్లాడొచ్చా? శాంపిలింగ్ పాఠం, అంటే కొందరిని చూసి అందరి గురించి ఎంతవరకు చెప్పొచ్చన్నది, ఇలా దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న మంచిదో కాదో తెలుసుకోవడానికి నేను ఒక పరీక్ష పెట్టుకుంటాను. క్లాసుకు వచ్చి, పనికి వెళ్లని విద్యార్థి దానికి జవాబు రాయలేకపోవాలి. పనికి వెళ్లి, క్లాసుకు రాని విద్యార్థి కూడా రాయలేకపోవాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు రాయగలిగినా ప్రశ్న మార్చాల్సిందే.

జవాబుకు ఒక క్రమం ఇస్తే విద్యార్థులకు టెన్షన్ తగ్గుతుంది. సారా ఆష్, ప్యాటీ క్లేటన్ రూపొందించిన పద్ధతి నాకు బాగా ఉపయోగపడింది. ముందు జరిగింది జరిగినట్టు రాయాలి. తర్వాత దాన్ని మూడు వైపుల నుంచి పరిశీలించాలి: సబ్జెక్టు వైపు నుంచి, సమాజం వైపు నుంచి, తన వైపు నుంచి. చివరికి నాలుగు మాటలు చెప్పాలి. ఏం నేర్చుకున్నాను, ఎలా నేర్చుకున్నాను, అది ఎందుకు ముఖ్యం, ఇకమీదట ఏం చేస్తాను. మొదటి మెట్టు తేలికని విద్యార్థులు దాటేస్తారు. దాటనివ్వకండి. "చాలామంది ఇబ్బంది పడ్డారు" అని రాస్తే ఎంతమంది, ఎక్కడ, ఎంతసేపు అని మార్జిన్‌లో రాసి వెనక్కి ఇవ్వండి.

పదిమార్కుల్లో నేను జరిగినదాన్ని స్పష్టంగా చెప్పినందుకు రెండు, కాన్సెప్ట్‌ను సరిగ్గా వాడినందుకు నాలుగు, తన మొదటి అంచనాను తనే ప్రశ్నించుకున్నందుకు రెండు, తర్వాతి అడుగుకు రెండు ఇస్తాను. ఎంత కదిలిపోయారన్నదానికి మార్కులుండవు. "మేం చేసిన పని వాళ్లకు ఉపయోగపడలేదు" అని రాసి, ఎందుకో ఆధారాలతో చూపించిన విద్యార్థికి నేను పదికి పది వేశాను. ఈ సంగతి సెమిస్టర్ మొదట్లోనే వాళ్లకు చెప్పేయండి. లేకపోతే మీకు నచ్చుతుందనుకున్నదే రాస్తారు.

రిఫ్లెక్షన్‌ను, అంటే విద్యార్థి తన అనుభవాన్ని వెనక్కి చూసుకుని రాసే ఈ జవాబును, సెమిస్టర్ చివరికి తోసేయకండి. వెళ్లకముందు ఒకటి, మధ్యలో కనీసం రెండు, ముగిశాక ఒకటి ఉండాలి. దిద్దే భారం గురించి భయం వద్దు. మధ్యలో రాసేవి అర పేజీ చాలు, వాటికి మార్కులు అక్కర్లేదు, చదివి ఒక ప్రశ్న రాసిస్తే సరిపోతుంది. వెళ్లకముందు రాసేదాన్ని మాత్రం భద్రంగా దాచండి. "అక్కడ ఏం చూస్తామనుకుంటున్నారు?" అని అడిగి, ఆ కాగితాన్ని చివర్లో వాళ్ల చేతికే ఇవ్వండి. తన మొదటి అంచనాను చూసుకున్న విద్యార్థికి చివరి పేజీ రాయడానికి వేరే ప్రోద్బలం అక్కర్లేదు.

ఒక మాట విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. రిఫ్లెక్షన్లలో "పాపం" అనే మాట తరచూ వస్తుంది. దాని వెనక ఉన్న మనసు మంచిదే, మందలించకండి. కానీ ఆ మాట దగ్గర ఆలోచన ఆగిపోతుంది. "పాపం, గంటల తరబడి కూర్చున్నారు" అని రాస్తే, వాళ్లను కూర్చోబెడుతున్నది ఏమిటని అడగండి. డాక్టర్లు తక్కువా, రిజిస్ట్రేషన్ ఆలస్యమా, వేళలు కుదరడం లేదా? అలాగే రోగుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు ఏ పేజీలోనూ ఉండకూడదన్న నిబంధన మొదటిరోజే పెట్టండి.

ఈ వారం మీ పని: మీ కాన్సెప్ట్, సంస్థ అడిగిన పని, ఈ రెండూ కలిసేచోట ఒకే ఒక్క ప్రశ్న రాయండి. పైన చెప్పిన పరీక్ష పెట్టండి. నాకు సాధారణంగా మూడో ప్రయత్నంలో గాని కుదరదు, మీకూ అన్నిసార్లు పట్టొచ్చు. ఆ తర్వాత విద్యార్థి స్థానంలో కూర్చుని మీరే ఒక పేజీ జవాబు రాసి, మీ మార్కుల పద్ధతితో దిద్దుకోండి. ఆ పేజీని నాలుగో పాఠానికి దగ్గర ఉంచుకోండి. విద్యార్థుల రిపోర్టును సంస్థకు ఎలా అప్పగించాలో, వాళ్లు "ఇది మాకు పనికిరాదు" అన్నప్పుడు ఏం చేయాలో అప్పుడు చూద్దాం.