చవక రిబ్బన్ మైక్ మరమ్మతు – మూడో పాఠం: రిబ్బన్‌ను ముట్టుకోకముందే లోపాన్ని పట్టుకోవడం

మొదటి రెండు పాఠాలలో రిబ్బన్ మైక్‌లోని భాగాలను, అయస్కాంత ధ్రువాల మధ్య కదిలే అల్యూమినియం రేకులో ధ్వని విద్యుత్తుగా మారే తీరును చూశాము. మూగబోయిన మైక్‌లో, లేదా శబ్దం నీరసించిన మైక్‌లో లోపం సరిగ్గా ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి ఈ పాఠానికి విషయం. పాడైన మైక్ చేతికి రాగానే జాలీ విప్పి నేరుగా రిబ్బన్ మీదికి పోవాలనిపిస్తుంది. అయితే తప్పు కేబుల్‌లోనో, సోల్డర్ అతుకులోనో ఉండి, రిబ్బన్ మాత్రం నిక్షేపంగా ఉన్న సందర్భాలు చాలా ఉంటాయి. అటువంటప్పుడు వెతుకులాటలో రిబ్బన్‌ను మనమే చెడగొడతాము. అందుకే బయటి నుంచి లోపలికి వెళ్లాలి, అన్నిటికంటే సున్నితమైన భాగాన్ని అన్నిటికంటే చివర ముట్టుకోవాలి.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే చైనా తయారీ మైకులలో ఎక్కువ వాటికి రిబ్బన్ సుమారు 5 సెంటీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మైక్రాన్ల మందం ఉంటుంది. లెక్క వేస్తే దాని బరువు ఒకటిన్నర మిల్లీగ్రాములు కూడా ఉండదు. జర్మనీలో వాల్టర్ షాట్కీ, ఎర్విన్ గెర్లాఖ్ 1920లలో రూపొందించగా, అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకు చెందిన హ్యారీ ఓల్సన్ 1930లలో స్టూడియోల దాకా తీసుకువచ్చిన నిర్మాణానికి, ఈ చవక మైకుల నిర్మాణానికి మూలసూత్రంలో తేడా ఏమీ లేదు. కాబట్టి ఇక్కడ చెప్పే పరీక్షలు ఖరీదైన మైకులకూ వర్తిస్తాయి.

మైక్ విప్పకముందు ప్రీయాంప్ (మైక్ సంకేతాన్ని పెంచే పరికరం) సంగతి చూడాలి. రిబ్బన్ మైక్ ఇచ్చే సంకేతం చాలా బలహీనం. మామూలు మాటను రికార్డు చేయడానికే 60 డెసిబెల్స్ లేదా అంతకుమించిన గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) అవసరమవుతుంది. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటికి అంత గెయిన్ ఉండదు, ఉన్నా చివరి కొసలో బుస ఎక్కువవుతుంది. కండెన్సర్ మైక్‌కు అలవాటుపడిన వారు ఈ తేడా తెలియక, బాగున్న రిబ్బన్ మైక్‌నే పాడైందనుకుంటారు. అదే ఇన్‌పుట్‌కు, అదే కేబుల్‌తో ఒక డైనమిక్ మైక్‌ను తగిలించి పోల్చి చూస్తే సందేహం చాలావరకు తీరుతుంది.

తరువాత కేబుల్. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్) కేబుల్‌లో 1, 2, 3 పిన్నులు ఒక కొస నుంచి రెండో కొసకు విడివిడిగా కలుస్తున్నాయా, వాటిలో ఏ రెండైనా ఒకదానితో ఒకటి అంటుకున్నాయా అన్నది మల్టీమీటర్‌తో చూడాలి. ఈ పరీక్షను తేలికగా తీసుకోకూడదు. ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుల కోసం ప్రీయాంప్ అదే కేబుల్ గుండా పంపే విద్యుత్తు) 48 వోల్టులు 6.8 కిలో ఓమ్‌ల నిరోధకాల గుండా 2, 3 పిన్నులకు సమానంగా చేరినంత కాలం రిబ్బన్ సంకేతాన్ని పెంచడానికి మైక్‌లో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో (తీగచుట్టలో) కరెంటు ప్రవహించదు. కేబుల్‌లో ఆ రెండింటిలో ఒకటి గ్రౌండ్‌కు తగిలిందంటే మాత్రం సెకండరీలోకి, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో పిన్నుల వైపు ఉండే తీగచుట్టలోకి, దాదాపు 7 మిల్లీ ఆంపియర్లు దూకుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి 1:35 అనుకుంటే, ఆ క్షణంలో రిబ్బన్ మీద పడే విసురు పావు ఆంపియర్ దాకా ఉండవచ్చు. మిల్లీగ్రాము బరువున్న రేకు సాగిపోవడానికి అది చాలు. కాబట్టి చెడిన కేబుల్‌ను పక్కన పెట్టకుండా కొత్త రిబ్బన్ వేస్తే, అదీ అదే దారిన పోతుంది.

కేబుల్ బాగుందని తేలిన తరువాత మైక్ అడుగున ఉన్న పిన్నుల మధ్య కొలవాలి. 2, 3 పిన్నుల మధ్య సాధారణంగా పదుల ఓమ్‌లు కనిపిస్తాయి. 1వ పిన్ను మైక్ లోహపు ఒంటితో కలిసి ఉండాలి, 2, 3 పిన్నులతో మాత్రం కలవకూడదు. 2, 3 మధ్య అసలేమీ చూపకపోతే సెకండరీ వైండింగ్ గాని, దాని తీగ గాని తెగిందని అర్థం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు నిర్ణయానికి వస్తారు: మీటరు సరైన అంకె చూపింది కాబట్టి రిబ్బన్ బాగుందనుకుంటారు. మీటరు చూసింది సెకండరీని మాత్రమే. రిబ్బన్ రెండు ముక్కలై పడి ఉన్నా ఆ అంకె మారదు. పైగా మీటరు కొనలను పదే పదే ముట్టించి తీయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే తగిలించిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ ఆ చిన్న కరెంటు మార్పు ట్రాన్స్‌ఫార్మర్ గుండా పెద్దదై రిబ్బన్‌ను కుదుపుతుంది.

ఇక మైక్ విప్పే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కిటికీ మూయాలి. బల్లను తడిగుడ్డతో తుడిచి, దాని మీద తెల్ల కాగితం పరవాలి. గతంలో ఆ బల్ల మీద ఇనుము రాకి ఉంటే వేరే చోటు చూసుకోవడమే మేలు. కంటికి ఆనని ఇనుప రజను కూడా ఈ అయస్కాంతాలు లాగేసుకుంటాయి. స్క్రూడ్రైవర్‌ను గట్టిగా పట్టుకోకపోతే అది చేతిలోంచి జారి ధ్రువాల మీదికి దూకుతుంది. పట్టకారు ఇత్తడిదో, ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. సోల్డరింగ్ ఐరన్ మొనకు కూడా ఇనుప పూత ఉంటుందని గుర్తుంచుకుని, దాన్ని వాడేటప్పుడు రిబ్బన్ ఉన్న భాగాన్ని శుభ్రమైన ప్లాస్టిక్ సంచితో కప్పి ఉంచాలి. రిబ్బన్ మీద నోటితో ఊదడం, దగ్గరగా తుమ్మడం, కంప్రెస్డ్ ఎయిర్ డబ్బా వాడటం ఏ పరిస్థితిలోనూ పనికిరావు.

జాలీ తీసిన తరువాత ముందుగా చూపుతోనే చాలా తెలుస్తుంది. రిబ్బన్ వెనుక తెల్ల కాగితం నిలిపి, దాని మీద టార్చి వెలుగు పడేటట్లు చేసి ముందు నుంచి చూస్తే, రిబ్బన్‌కు ఇరువైపులా వెంట్రుకంత సన్నని రెండు వెలుగు గీతలు కనబడతాయి. అవి పై నుంచి కింది దాకా తెగకుండా, దాదాపు ఒకే వెడల్పున ఉండాలి. ఎక్కడైనా గీత మాయమైతే అక్కడ రిబ్బన్ అంచు ధ్రువాన్ని రాస్తోందని అర్థం. బిగ్గరగా పాడినప్పుడు వచ్చే గరగర శబ్దానికి తరచుగా కారణం అదే. ధ్రువం అంచున నల్లటి నూగు నిలబడినట్లు కనిపిస్తే అది ఇనుప రజను. అతుక్కునే పుట్టీని అగ్గిపుల్ల కొనకు చుట్టి, రిబ్బన్‌కు తగలకుండా, ధ్రువం వెంట అద్ది తీయాలి. చివరగా పక్క నుంచి చూడాలి. రిబ్బన్ నడుము ఒక వైపుకు ఉబ్బి వేలాడుతుంటే అది సాగింది. సాగిన రిబ్బన్ పలుకుతుంది గాని, ఆ పలుకు మందకొడిగా, స్పష్టత లేకుండా ఉంటుంది.

చూపుకు ఏమీ దొరకకపోతే కొలత మొదలుపెట్టాలి. రిబ్బన్ నిరోధం ఓమ్‌లో ఐదో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (రిబ్బన్ వైపు తీగచుట్ట) నిరోధం అంతకన్నా తక్కువ. ఆ రెండూ కలిసి ఉండగా కొలిస్తే, రిబ్బన్ తెగినా ప్రైమరీ గుండా దారి దొరికి మీటరు సున్నాకు దగ్గరగానే చూపుతుంది. అందువల్ల రిబ్బన్ నుంచి వచ్చే రెండు తీగలలో ఒకదానిని ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచే ఊడదీయాలి. రిబ్బన్ వైపు వేడి పెడితే క్లాంప్ (రిబ్బన్ కొసను బిగించి పట్టే భాగం) దగ్గరి ఇన్సులేటర్ కరిగే ప్రమాదం ఉంది. అప్పుడు డిజిటల్ మల్టీమీటర్‌తో రిబ్బన్‌ను, ప్రైమరీని విడివిడిగా కొలవాలి. ముల్లు మీటర్లు తక్కువ ఓమ్‌ల స్థాయిలో చాలా ఎక్కువ కరెంటు పంపుతాయి కనుక వాటిని ఈ పనికి వాడకూడదు. మామూలు మీటరు రిబ్బన్ అసలు విలువను కచ్చితంగా చెప్పలేదు. రెండు కొనలనూ ఒకదానికొకటి ముట్టించినప్పుడు చూపే అంకెను తీసివేసి, మిగిలినది అర ఓమ్ లోపు ఉందా, లేదా అన్నంత మటుకే తెలుసుకోవాలి.

అర ఓమ్ దాటితే అనుమానించవలసింది క్లాంప్‌ను. అల్యూమినియం మీద పేరుకునే ఆక్సైడ్ పొర వల్ల, లేదా స్క్రూ వదులు కావడం వల్ల అక్కడ అదనపు నిరోధం పుడుతుంది. ఒక్క ఓమ్‌తో ఏమవుతుందని అనిపించవచ్చు. 35 రెట్ల ట్రాన్స్‌ఫార్మర్‌లో నిరోధం 35 వర్గంతో, అంటే 1225తో హెచ్చవుతుంది. ఓమ్‌లో ఐదో వంతు ఉన్నప్పుడు ప్రీయాంప్‌కు సుమారు 250 ఓమ్‌లుగా కనబడే మైక్, క్లాంప్ దగ్గర ఒక్క ఓమ్ చేరేసరికి దాదాపు 1500 ఓమ్‌లుగా కనబడుతుంది. ప్రీయాంప్ ఇన్‌పుట్ కూడా 1500 ఓమ్‌లదే అయితే సంకేతంలో సగం దారిలోనే పోతుంది, బుస మాత్రం పెరుగుతుంది. శబ్దం తగ్గిందని రిబ్బన్ మార్చే ముందు ఆ స్క్రూలను పావు మలుపు కన్నా తక్కువగా, రిబ్బన్ మెలి పడకుండా బిగించి చూడటం ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

శబ్దం బాగానే ఉండి హమ్ (ఆగకుండా వచ్చే మంద్రమైన మోత) మాత్రం వేధిస్తుంటే మైక్‌ను ఉన్నచోటనే నెమ్మదిగా తిప్పి చూడాలి. తిప్పేకొద్దీ హమ్ పెరిగి తగ్గుతుంటే అది దగ్గరి అడాప్టరు నుంచో, ఫ్యాన్ రెగ్యులేటరు నుంచో వచ్చే అయస్కాంత క్షేత్రం. రిబ్బన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే తీగలు విడివిడిగా పరుచుకుని ఉంటే ఆ క్షేత్రాన్ని పట్టేస్తాయి. వాటిని దగ్గరగా మెలివేస్తే చాలావరకు తగ్గుతుంది. తిప్పినా మారని హమ్‌కు 1వ పిన్ను, మైక్ ఒళ్లు కలిసే చోటు వదులైందేమో చూడాలి.

ఈ పరీక్షలన్నీ దాటి రిబ్బన్ తెగిందనో, తిరిగి సరిచేయలేనంతగా సాగిందనో తేలితే, ఊడదీసిన తీగను అలాగే వదిలి, రిబ్బన్ భాగాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో భద్రపరచండి. వచ్చే పాఠంలో కొత్త రిబ్బన్ కోసి, మడతలు వేసి బిగిస్తాము. దానికి 2 మైక్రాన్ల అల్యూమినియం రేకు, కొత్త సర్జికల్ బ్లేడు, స్టీలు స్కేలు, ఒకదానితో ఒకటి పళ్లు కలిసే రెండు చిన్న ప్లాస్టిక్ గేర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సిద్ధం చేసుకోండి. వంటింటి ఫాయిల్ దీనికి సరిపోదు, అది కనీసం ఐదు రెట్లు మందం. హైదరాబాదులో ఉన్నవారికి గేర్లు, ఆల్కహాల్ కోఠి గుజరాతీ గల్లీ పరిసరాలలో దొరకవచ్చు. రేకు మాత్రం ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవలసి వస్తుంది కాబట్టి దాన్ని ఇప్పుడే ఆర్డరు పెట్టడం మంచిది.