ఊపిరి ఎక్కడ ఆగుతోంది? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

"ఊపిరి ఆడట్లేదు" అన్న ఒక్క మాటతో కారణం దొరకదు. గాలి పీల్చడం కష్టంగా ఉందా, వదలడం కష్టంగా ఉందా? ముందు అది గమనించండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

సమస్య: ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు

కారణం ఛాతీలోని సన్నని వాయునాళాల్లో ఉంటుంది. శ్వాసనాళం రెండుగా చీలి, ఆ కొమ్మలు మళ్లీ మళ్లీ చీలుతూ, దాదాపు 23 అంచెల్లో గాలి గదుల దాకా చేరతాయి. మనం పీల్చినప్పుడు ఛాతీ విప్పారి ఈ నాళాలను తెరిచి ఉంచుతుంది. వదిలినప్పుడు అవి మామూలుగానే కాస్త ముడుచుకుంటాయి. ఆస్తమాలో వాటి లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. అప్పుడు ఆ కాస్త ముడుపుకే గాలికి దారి చాలక కూత పుడుతుంది. లోపలి గాలి పూర్తిగా బయటికి రాకముందే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. ఛాతీ నిండా గాలి ఉన్నా ఊపిరి చాలనట్టు అనిపించేది అందుకే.

పరిష్కారం డాక్టర్ రాసిన ఇన్‌హేలరే. అది పనిచేయట్లేదు అనుకునే ముందు వాడే పద్ధతి ఒకసారి చూసుకోండి. నొక్కే రకమైతే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలతో గట్టిగా పట్టుకోవాలి. మెల్లగా పీల్చడం మొదలుపెట్టి, అప్పుడు నొక్కాలి. తర్వాత 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ముందే నొక్కేస్తే మందు చాలావరకు గొంతులోనే పడిపోతుంది. పీల్చడం, నొక్కడం ఒకేసారి కుదరకపోతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) వాడండి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే చివర నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

కూత తగ్గగానే రోజూ వాడాల్సిన మందు ఆపేసేవాళ్లు చాలామంది. అలవాటైపోతుందని భయం. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. కూత ఆగినా లోపలి వాపు మిగిలే ఉంటుంది, మందు ఆపితే అదే మళ్లీ ముదురుతుంది.

సమస్య: పీల్చేటప్పుడు గరగరమని పెద్ద శబ్దం

అడ్డు గొంతు దగ్గర, స్వరపేటిక చుట్టుపక్కల ఉంది. ఛాతీకి పైనున్న దారి పీల్చినప్పుడే ఇరుకవుతుంది. చిట్కాలతో ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: పొలమారి మాట రావట్లేదు

దగ్గగలిగితే దగ్గనివ్వండి, అంతకు మించిన సాయం లేదు. మాట, దగ్గు రెండూ ఆగిపోతే మనిషిని ముందుకు వంచి, వీపు మీద రెక్కల ఎముకల మధ్య అరచేతిలో మణికట్టు పక్కనున్న గట్టి భాగంతో 5 సార్లు గట్టిగా చరచాలి. ఫలితం లేకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి 5 సార్లు లోపలికీ పైకీ నొక్కాలి. అడ్డు పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి, ఇంకొకరు అంబులెన్స్ పిలవాలి. ఏడాదిలోపు పిల్లలకూ గర్భిణులకూ మాత్రం పొట్ట నొక్కకూడదు, ఛాతీ మీదే నొక్కాలి.

పసిపిల్లలు గింజ నోట్లో పెట్టుకుని పొలమారి, తర్వాత బాగానే ఆడుకుంటున్నా దగ్గు వదలకపోతే డాక్టర్‌కు ఆ సంగతి తప్పక చెప్పండి. గింజ లోపలే ఉండిపోయి ఉండొచ్చు.

సమస్య: వారాల తరబడి దగ్గు

పడుకుంటే ఎక్కువవుతుంటే ముక్కు వెనక నుంచి కారే కఫమో, కడుపులోంచి పైకి తన్నే ఆమ్లమో కావచ్చు. కొన్ని రకాల బీపీ మాత్రలతోనూ పొడిదగ్గు వస్తుంది. పొగతాగేవారిలో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు దెబ్బతిని, ఆ పని దగ్గు మీద పడుతుంది. రెండు వారాలు దాటితే దగ్గు సిరప్ మార్చుకుంటూ కూర్చోకుండా కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోండి. రక్తం పడితే రెండు వారాలు కూడా ఆగొద్దు.

సమస్య: టెన్షన్‌లో ఊపిరి చాలక, వేళ్లు తిమ్మిరెక్కడం

ఇక్కడ గాలి తక్కువ కాలేదు. వేగంగా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ పడిపోయింది. పీల్చిన దానికంటే ఎక్కువసేపు మెల్లగా వదలండి, కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. నోటికి సంచి పెట్టుకోవద్దు. మొదటిసారి ఇలా అయినా, ఛాతీలో నొప్పి ఉన్నా టెన్షనే అని సరిపెట్టుకోకుండా గుండె పరీక్ష చేయించుకోవాలి.