అమెరికా వచ్చిన అమ్మానాన్నలను బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లడం ఎలా?

ఎండాకాలంలో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను ఒక్కసారైనా బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లాలని డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. మా వాళ్లు, మా అత్తమామలు, స్నేహితుల అమ్మానాన్నలు ఇలా ఎంతమందిని తీసుకెళ్లానో లెక్కపెట్టుకోలేదు. ఏటా కనిపించేది మాత్రం ఒకటే. ఎప్పుడో ఎవరో చెప్పిన సలహా పట్టుకుని బయల్దేరతారు, మూడో ఇన్నింగ్స్‌లో (రెండు టీమ్‌లూ ఒక్కోసారి బ్యాట్ చేస్తే ఒక ఇన్నింగ్స్, మ్యాచ్‌కి తొమ్మిది) లోపలికి అడుగుపెడతారు, చూద్దామని వచ్చిన ఆటగాడు ఆ రోజు ఆడనే ఆడడు. 2023లో మేజర్ లీగ్ (30 టీమ్‌లు ఆడే అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగ్) షెడ్యూలు, రూల్సు రెండూ మారాయి. అంతకుముందు వెళ్లొచ్చినవాళ్ల లెక్కలు ఇప్పుడు పనికిరావు.

1. సర్దుకోవడం

టికెట్లు ఫోన్‌లో ఉంటాయి. పార్కింగ్ ముందే కొనండి. లోపల ఉన్నవి బయటికి కనిపించే సంచి ఒకటి, పెద్దవాళ్లకు స్వెట్టర్లు. ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ సొంత స్టేడియం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో పైకప్పు మూస్తే ఏసీ చల్లగా కొడుతుంది. బయటి తిండి చాలా స్టేడియాల్లో రానిస్తారు కానీ ఆ వారం రూల్ ఏమిటో సైట్‌లో చూసుకోండి. మేం జిప్ కవర్లలో పులిహోర తీసుకెళ్తాం. ఇక దీని గురించి చెప్పడానికేం లేదు.

2. మ్యాచ్ ఎంచుకోవడం

అసలు పని ఇదే. అందరూ తప్పు చేసేదీ ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఒక్కో టీమ్ సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో 81 సొంత ఊళ్లో. టీమ్‌లన్నీ రెండు లీగ్‌లు, ఒక్కో లీగ్‌లో మూడు డివిజన్లుగా ఉంటాయి. ఇంతకుముందు ఒకే డివిజన్‌లో ఉన్న టీమ్‌లు ఒకదానితో ఒకటి 19 సార్లు ఆడేవి. 2023 నుంచి 13 సార్లే. అలా మిగిలిన మ్యాచ్‌లను పంచి, ప్రతి టీమూ మిగతా 29 టీమ్‌లతోనూ ఏటా ఆడేలా చేశారు. మన డివిజన్‌లోనే ఉన్న హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో మ్యాచ్‌లు తగ్గినందుకు నాకు ఇప్పటికీ బాధే. టెక్సస్ రేంజర్స్ అభిమానికి ఆ మ్యాచ్‌లో ఉండే వేడి వేరు. కానీ ఎప్పుడో గానీ మన ఊరి మొహం చూడని టీమ్‌లు ఇప్పుడు వస్తున్నాయి, అది మంచిదే.

అయితే ఒక మెలిక ఉంది. వేరే లీగ్ టీమ్‌తో ఏడాదికి సాధారణంగా ఒకే సిరీస్, మూడు మ్యాచ్‌లు. ఒక ఏడాది వాళ్లు ఇక్కడికొస్తే మరుసటి ఏడాది మనవాళ్లు అక్కడికి వెళ్తారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2023 జులైలో ఆర్లింగ్టన్ వచ్చారు. 2024లో రేంజర్సే అక్కడికి వెళ్లారు. 2025 ఏప్రిల్‌లో డాడ్జర్స్ మళ్లీ ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు డాడ్జర్స్‌కి ఆడే జపాన్ స్టార్ షోహెయ్ ఒహ్తానీ ఏంజెల్స్ టీమ్‌లో ఉన్నన్నాళ్లూ రేంజర్స్ డివిజనే కాబట్టి ఏటా కనిపించేవాడు. ఇప్పుడలా కాదు. "ఒహ్తానీని చూపిస్తాను నాన్నా" అని ఫోన్‌లో మాట ఇచ్చేముందు, వాళ్లు ఇక్కడుండే ఆరు నెలల్లో ఆ సిరీస్ పడుతుందో లేదో షెడ్యూలు తెరిచి చూడండి.

టీమ్ కుదిరిందా, ఇప్పుడు రోజు. మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో రెండో రోజు రాత్రి మ్యాచ్‌కే వెళ్లాలి. ఇందులో మార్పు లేదు. మొదటి రోజు వచ్చే టీమ్ ఒక్కోసారి ముందురోజు వేరే ఊళ్లో ఆడి అర్ధరాత్రి విమానం దిగి ఉంటుంది. చివరి రోజు మ్యాచ్ తరచుగా మధ్యాహ్నమే పెడతారు, అది అవగానే సామాన్లు సర్దుకుని విమానమెక్కాలి కాబట్టి. రాత్రి ఆడి మర్నాడు మధ్యాహ్నం మళ్లీ దిగాలంటే క్యాచర్ (బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు) మోకాళ్లు ఏం కావాలి? మేనేజర్లు పెద్ద ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చేది ఆ మ్యాచ్‌లోనే. టికెట్ చవక, ఎండ తగ్గేలోపు ఇంటికొచ్చేస్తాం అని మనవాళ్లు ఏరికోరి కొనేదీ అదే మ్యాచ్!

పిచర్ (మన బౌలర్ లాగా బంతి విసిరేవాడు) సంగతి ఇంకా సున్నితం. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు సాధారణంగా ఐదుగురు, వంతులవారీగా వస్తారు. అంటే ఒక పిచర్ వంతు ఐదారు రోజులకోసారి. వర్షానికి ఒక మ్యాచ్ ఆగినా, మధ్యలో సెలవు రోజు పడినా ఆ వరుస మారిపోతుంది. అందుకే నెలల ముందు టికెట్ కొనకండి. రెండు మూడు రోజుల ముందు ఎవరు వేస్తారో ప్రకటిస్తారు, అప్పుడు కొనండి. ముందే కొంటే డబ్బు మిగులుతుందని వాదించేవాళ్లున్నారు. ఆ మిగిలిన డబ్బుతో చూడాలనుకున్న పిచర్‌ని చూడలేరు కదా.

ఇంకో జాగ్రత్త, ఆదివారం. దేశమంతా చూపించడానికి టీవీవాళ్లు ఎంచుకుంటే మధ్యాహ్నం మ్యాచ్ రాత్రికి మారుతుంది. సోమవారం పొద్దున అమ్మానాన్నల ఫ్లైట్ ఉంటే ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

3. మొదటి బంతికి సీట్లో ఉండటం

2021లో తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టేది. పిచ్ క్లాక్ (పిచర్ బంతి విసరడానికి పెట్టిన గడియారం) వచ్చాక 2023లో అది 2 గంటల 40 నిమిషాలకు, 2024లో 2 గంటల 36 నిమిషాలకు దిగింది. 2023లో ఈ లెక్క పట్టించుకోక నేనే దెబ్బతిన్నాను. మామగారిని తీసుకుని నలభై నిమిషాలు ఆలస్యంగా చేరేసరికి రెండు ఇన్నింగ్స్ పూర్తిగా అయిపోయాయి. అప్పటినుంచి గంట ముందే లోపల ఉంటున్నాం. బాత్రూమ్‌కైనా నాచోస్‌కైనా ఇన్నింగ్స్ మధ్యలోనే లేవండి.

4. రూల్స్ చెప్పడం

అన్నీ ఒకేసారి చెప్పకండి. ఆ పిచ్ క్లాక్‌తో మొదలుపెట్టండి. బేస్‌ల (పరుగు కోసం వరుసగా తాకుతూ వెళ్లాల్సిన మెత్తలు) మీద ఎవరూ లేకపోతే పిచర్ 15 సెకన్లలో బంతి విసరడం మొదలుపెట్టాలి, ఎవరైనా ఉంటే 18 సెకన్లు. పిచర్ ఆలస్యం చేస్తే బ్యాటర్‌కి ఒక బాల్ (నాలుగైతే మొదటి బేస్ ఉచితం) ఇస్తారు. 8 సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ సిద్ధంగా లేకపోతే అతని మీద ఒక స్ట్రైక్ (మూడైతే అవుట్) వేస్తారు. క్రికెట్‌లో ఓవర్ల మధ్య 60 సెకన్ల స్టాప్ క్లాక్ వచ్చింది కదా, దానితో పోల్చి చెబితే మనవాళ్లకు చప్పున ఎక్కుతుంది. మా నాన్నగారు నాలుగో ఇన్నింగ్స్‌కల్లా ఆట వదిలేసి ఆ అంకెల మీదే కళ్లు పెట్టారు. "ఆరు... ఐదు... నాలుగు..." అని పైకే లెక్కపెడుతుంటే ముందు వరుసలో ఉన్న ఇద్దరు పిల్లలు కూడా వెనక్కి తిరిగి గొంతు కలిపారు.

తర్వాత రన్నర్ని, అంటే బేస్ మీద ఉన్న ఆటగాణ్ని చూపించండి. ఒక్కో బ్యాటర్‌కి పిచర్ రెండుసార్లే ఆగి, రన్నర్ని అవుట్ చేయడానికి బేస్ వైపు విసరగలడు. మూడోసారి విసిరి అవుట్ చేయలేకపోతే రన్నర్‌కి ఒక బేస్ ఉచితం. బేస్‌ల వెడల్పు కూడా 15 అంగుళాల నుంచి 18కి పెంచారు. దాంతో బేస్ దొంగతనాలు (బ్యాటర్ బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం) 2022లో 2,486 ఉంటే 2023లో 3,503 అయ్యాయి. టీమ్‌లు కాళ్లలో వేగం ఉన్న కుర్రాళ్లను వెతకడం మళ్లీ మొదలుపెట్టాయి. పిచర్ రెండుసార్లు విసిరేశాక ఇక బంతిని కాదు, రన్నర్ కాళ్లను చూడమనండి.

2026 నుంచి బంతి స్ట్రైకా బాలా అన్న అంపైర్ తీర్పు మీద ఛాలెంజ్ కూడా ఉంది. టీమ్‌కి రెండు, గెలిస్తే అది మిగిలే ఉంటుంది. బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఒకరే తల తట్టుకుని అడగాలి. డీఆర్‌ఎస్ అంటే చాలు, అమ్మకి కూడా అర్థమవుతుంది.

5. వర్షం

ఆర్లింగ్టన్‌లో పైకప్పుంది కాబట్టి బెంగ లేదు. న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఉండేవాళ్లు యాంకీ స్టేడియానికో సిటీ ఫీల్డ్‌కో వెళ్తే మాత్రం ఆకాశం చూసుకోవాలి. మ్యాచ్ వాయిదా పడితే ఒక్కోసారి మరో రోజు రెండు మ్యాచ్‌లు పెడతారు. ఒకే టికెట్‌కి రెండూ చూడనిస్తారా, లేక మధ్యాహ్నానికీ రాత్రికీ వేర్వేరు టికెట్లా అన్నది చదవండి. వేర్వేరైతే మీ టికెట్ ఏ మ్యాచ్‌కి చెల్లుతుందో చూసుకున్నాకే బయల్దేరండి.

6. స్కోరు సమమైతే

తొమ్మిదో ఇన్నింగ్స్ చివర స్కోరు సమంగా ఉంటే పార్కింగ్ రద్దీకి భయపడి లేవకండి. 2020 నుంచి, ప్లేఆఫ్స్‌లో తప్ప, పదో ఇన్నింగ్స్ నుంచి ప్రతిసారీ రెండో బేస్ మీద ఒక రన్నర్‌తోనే ఆట మొదలవుతుంది. ఒక్క మంచి హిట్‌తో తేలిపోవచ్చు. పెద్దవాళ్లు చలిగా ఉందంటే స్వెట్టర్ ఇవ్వండి, మిగిలిన పులిహోర అప్పుడు తీయండి.