పాత స్పీకర్ డాక్‌ని మళ్లీ పాడిద్దాం - 3వ పాఠం: వెనక సాకెట్

పోయిన పాఠంలో దుమ్ము దులిపి, కరెంటు వస్తోందో లేదో చూసుకున్నాం. ఇవాళ పాట ఎక్కిద్దాం. డాక్ అంటే గాడిలో ఐపాడ్ (యాపిల్ పాటల ప్లేయర్) గానీ ఫోన్ గానీ నిలబెట్టి పాటలు వినే స్పీకర్ పెట్టె. మన నమూనా యాపిల్ ఐపాడ్ హై-ఫై. 2006 ఫిబ్రవరిలో 349 డాలర్లకు వచ్చింది, 2007 సెప్టెంబరుకల్లా ఆపేశారు. ధర ఎక్కువే గానీ పెట్టె గట్టిది. బ్యాటరీలు వేయకుండానే ఆరున్నర కిలోల పైచిలుకు.

పైన గాడిలో ఉన్నది 30 పిన్నుల కనెక్టర్. 2012లో ఐఫోన్ 5తో యాపిల్ దాన్ని వదిలేసి లైట్నింగ్ అనే కొత్త కనెక్టర్ తెచ్చింది. దాంతో మంచి స్పీకర్లున్న డాక్‌లు ఎన్నో అటకెక్కాయి.

ఆ పిన్నుల్లో పాటది ఒక దారి, కరెంటుది ఇంకో దారి. తొలినాటి డాక్‌లు చాలావరకు ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటి పాత కనెక్షన్) పిన్నుల్లో 12 వోల్టులు పంపేవి. 2008లో వచ్చిన ఐఫోన్ 3జీకి కావలసింది 5 వోల్టుల యూఎస్‌బీ కరెంటు. అందుకే దాన్ని పెడితే పాట వస్తుంది, ఛార్జింగ్ ఎక్కదు. డాక్ చెడిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. ఆ గాడిలో దూర్చే బ్లూటూత్ అడాప్టర్ కొనేముందు 12 వోల్టులు తట్టుకుంటుందా అని అడగండి. షాపతను నీళ్లు నమిలితే వదిలేయండి.

మన దారి వెనకవైపు 3.5 మి.మీ. సాకెట్, అంటే ఇయర్‌ఫోన్ గుచ్చే సైజుది. దీన్నే ఆక్స్ సాకెట్ అంటారు. గాడి ఖాళీగా ఉంచి, మామూలు ఆక్స్ కేబుల్ ఒక కొస అందులో గుచ్చండి. వాల్యూమ్ తక్కువలో పెట్టి, రెండో కొస మొనను వేలితో తాకండి. గుయ్‌మని సన్నగా మోగిందా, లోపలి ఆంప్లిఫయర్ బతికే ఉంది. మోగకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. పెట్టె విప్పే పని తర్వాత.

ఇప్పుడు ఫోన్ తగిలించండి. ఫోన్ వాల్యూమ్ ముప్పావు వంతుకు పెంచి, మిగతాది డాక్ మీద సర్దుకోండి. తిరగేసి చేస్తే పాట వెనకాల బుస వినిపిస్తుంది. గొంతు పగిలినట్టుంటే ఫోన్‌లో కాస్త తగ్గించండి.

ఫోన్‌కు ఆ సాకెట్ లేదా? ఆక్స్ అవుట్ ఉన్న చిన్న బ్లూటూత్ రిసీవర్ చాలు. అది ఛార్జర్ మీద నడుస్తుంటే ఒక్కోసారి హమ్ (ఆగకుండా గుయ్‌మనే మోత) వస్తుంది. ఛార్జర్ పీకి, దాని బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ ఆగితే తప్పు డాక్‌ది కాదు.

ఈలోగా మీ డాక్ వెనక ఆక్స్ సాకెట్ ఉందో లేదో చూసి పెట్టుకోండి. 2004 నాటి మొదటి బోస్ సౌండ్‌డాక్‌కి అది లేదు. అలాంటివాటి సంగతి 4వ పాఠంలో.