కొండ సరస్సుల దగ్గర నడక, సైకిల్ – నాలుగో పాఠం: ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చింది?

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను గుర్తుందా, సరస్సు చుట్టూ 14 కిలోమీటర్ల ట్రయిల్, మ్యాప్‌లో 20 మీటర్లకో కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత), ఎంతసేపు పడుతుందో చెప్పమని. పంపినవాళ్లలో ఎక్కువమంది 2 గంటల 48 నిమిషాలు అన్నారు. ఎలా చేశారో కూడా రాశారు కాబట్టి ఎక్కడ జారారో తెలిసిపోయింది. గంటకి 5 కిలోమీటర్లు, 14ని 5తో భాగిస్తే 2.8 గంటలు, బయల్దేరిన చోటికే తిరిగొస్తున్నాం కాబట్టి ఎక్కుడు సున్నా. భాగహారం కరెక్టే, ఆ సున్నాయే కొంప ముంచేది. అందుకే ఈసారి చెప్తానన్న బ్రేకుల పాఠం పక్కన పెట్టేశాను, ఇవాళ ముందు ఈ సున్నా సంగతి తేల్చాలి.

మ్యాప్‌ని ఉత్తరానికి తిప్పుకోవడం, స్కేలు చూడటం, లావు గీతలు గుర్తుపట్టడం ఇవన్నీ మళ్లీ రాయను, మీకొచ్చు.

నడకకి ఎంతసేపు పడుతుందో కట్టే రూల్ మాత్రం ఇంకోసారి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు, మూడు మైళ్లకి ఒక గంట, రెండు వేల అడుగులు ఎక్కితే ఇంకో గంట కలుపు అని. మీటర్లలోకి మార్చుకుంటే 5 కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎక్కుడుకి గంట, అంటే ప్రతి 10 మీటర్లు ఎక్కడానికి ఒక నిమిషం. 20 మీటర్ల గీతలున్న మ్యాప్‌లో ఎక్కే ప్రతి గీతకీ 2 నిమిషాలు. నేనైతే మీటర్ల జోలికే పోను, గీతలు లెక్కపెట్టి రెండుతో గుణించేస్తా.

ఇప్పుడు అసలు విషయం. ఎత్తు తేడా వేరు, మొత్తం ఎక్కుడు వేరు. మెట్ల మీద 20 మెట్లు ఎక్కి దిగండి, అలా ఐదుసార్లు చెయ్యండి. నిలబడ్డ చోటే ఉన్నారు, ఎత్తు తేడా సున్నా, కానీ మీ మోకాళ్లని అడిగితే వంద మెట్లు ఎక్కాం అంటాయి. దిగిన మెట్టు ఎక్కిన మెట్టుని కొట్టెయ్యదు. కాగితం మీద ప్లస్సూ మైనస్సూ పోతాయి గానీ ఒంట్లో పోవు, టైమ్‌లో అసలే పోవు. ఇంకోలా చెప్తాను, ఒక ఊరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇంకోటి 1,000 మీటర్లలో, మధ్యలో 1,500 మీటర్ల కనుమ. ఎత్తు తేడా 100 అని 10 నిమిషాలు కలిపితే అయిపోదు, ఎక్కాల్సింది 600, గంట కలపాలి. అదే దారిలో వెనక్కొస్తే 500 ఎక్కాలి, కాబట్టి పోయేటప్పటి టైమూ వచ్చేటప్పటి టైమూ ఒకటి కాదు. ఇది కూడా చాలామంది ఒకసారి లెక్కేసి రెండుతో గుణించేస్తారు, నాకు దీనిమీద ఎప్పుడూ కోపమే, ఎందుకంటే పొద్దున వేసిన తప్పు లెక్కకి సాయంత్రం చీకట్లో కాళ్లు సమాధానం చెప్పుకోవాలి.

సరస్సు దగ్గర ఈ తప్పు మరీ ఎక్కువ జరుగుతుంది, దానికి కారణం నీళ్లే. నీళ్లు చదునుగా ఉంటాయి కాబట్టి ఒడ్డున దారి కూడా చదునే అని కన్ను నమ్మేస్తుంది. కానీ కొండల్లో పొడుగాటి సరస్సులు చాలావరకు హిమానీనదం తొలిచిన లోయల్లో నిండినవి. ఆ మంచు లోయని యు అక్షరం ఆకారంలో చెక్కేసింది, అంటే పక్క గోడలు నిటారు. ఆ గోడ తిన్నగా నీళ్లలోకి దిగిన చోట దారి వెయ్యడానికి జాగా ఉండదు, ట్రయిల్ పైకెక్కి ఆ రాతిముక్కుని దాటి మళ్లీ కిందకి దిగాలి. పక్క లోయల్లోంచి వాగులు వచ్చి కలిసే చోట మాత్రం అవి తెచ్చిన రాళ్లూ మట్టీ విసనకర్రలా పరుచుకుని చదునవుతుంది, అక్కడ దారి నీళ్ల పక్కనే పోతుంది. కాబట్టి చుట్టూ తిరిగే ట్రయిల్ అంటే ముక్కు, వాగు, ముక్కు, వాగు. మ్యాప్‌లో ఇది ముందే కనబడుతుంది: నీలం రంగు అంచుకి కాంటూర్లు అతుక్కుని ఒత్తుగా ఉంటే అక్కడ ఎక్కాలి, అంచు నుంచి దూరంగా పలచబడితే అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు.

మన 14 కిలోమీటర్ల లెక్కకి వద్దాం. మొదటి ముక్కు దగ్గర ట్రయిల్ 4 గీతలు ఎక్కి 4 దిగింది. రెండోదాని దగ్గర 7 ఎక్కి 7 దిగింది. తర్వాత సరస్సు పై కొస, అక్కడ వాగు మేటలో నడక హాయి, గీతల్లేవు. పడమటి ఒడ్డున గోడ వచ్చింది, 11 ఎక్కి, 4 దిగి, మళ్లీ 2 ఎక్కి, 9 దిగాం. ఎక్కినవి 4, 7, 11, 2, కలిపితే 24. రెండేసి నిమిషాల చొప్పున 48 నిమిషాలు. 2 గంటల 48కి ఇది కలిపితే 3 గంటల 36. మీరు సున్నా అన్నది 480 మీటర్లు!

చాలామంది ఆ 2 అనే చిన్న ఎక్కుడు చూడనేలేదు. పెద్ద గోడ దిగడం మొదలైంది కదా అని కళ్లు కిందకి జారిపోతాయి, మధ్యలో మళ్లీ పైకి తిరిగిన గీతలు తప్పిపోతాయి. దీనికి నేను వాడే షార్ట్‌కట్ ఒకటుంది. బయల్దేరిన చోటికే వచ్చే లూప్ అయితే ఎక్కామా దిగామా అని చూడకండి, ట్రయిల్ ఏ గీతని దాటినా ఒక చుక్క పెట్టండి, చివర చుక్కలన్నీ లెక్కపెట్టి సగం చెయ్యండి. ఇక్కడ 48 చుక్కలు, సగం 24. చుక్కలు బేసి సంఖ్య వచ్చాయంటే ఎక్కడో ఒకటి తప్పిందని అర్థం, మళ్లీ లెక్కపెట్టండి. ఒక చోట మొదలై ఇంకో చోట ఆగే దారికి మాత్రం ఇది పనికిరాదు.

దీనిమీద కూడా నేను నాలుగో వంతు కలుపుతాను. 216 నిమిషాలకి 54 కలిపితే 270, నాలుగున్నర గంటలు. ఎందుకంటే 20 మీటర్ల కంటే చిన్న మిట్టలు రెండు గీతల మధ్య దాక్కుంటాయి, మ్యాప్‌కి అవి కనబడవు, కాలికి కనబడతాయి. పైగా నైస్మిత్ రూల్‌లో ఆగడాలు, నీళ్లు తాగడాలు, ఫొటోలు లేవు. నిటారు దిగుడు కూడా టైమ్ తింటుంది, నైస్మిత్ రూల్‌కి లాంగ్‌మ్యూర్ అనే ఆయన చేసిన సవరణ ప్రకారం వాలు 12 డిగ్రీలు దాటితే ప్రతి 300 మీటర్ల దిగుడుకి 10 నిమిషాలు కలపాలి. 1:50,000 మ్యాప్‌లో (1 సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు), 20 మీటర్ల గీతలుంటే, దారి వెంబడి గీతకీ గీతకీ మధ్య 2 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది అలాంటి వాలు.

మధ్యాహ్నం 2కి బయల్దేరారు, పొద్దు గూకేది 6:15కి అనుకోండి. మీ లెక్కలో 4:48కి వచ్చేస్తారు, నా లెక్కలో 6:30, ఆ చివరి 9 గీతల దిగుడు మసక చీకట్లో. నేను మొదట్లో ఇదే తప్పు చేశాను, ఫోన్ లైటు పట్టుకుని తడి రాళ్ల మీద గంటన్నర దిగాను, బ్యాటరీ పోతే ఏం చెయ్యాలో తెలియని భయం ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి తలకి కట్టుకునే లైటు లేకుండా బయటికి అడుగు పెట్టను, చిన్న నడకైనా సరే.

సైకిల్ వాళ్లకి. "మాది రోడ్డు కదా, దిగేటప్పుడు కవర్ అయిపోతుంది" అని కొందరు రాశారు, కవర్ అవ్వదండీ. 10 కిలోమీటర్లు గంటకి 8 చొప్పున ఎక్కారు, 75 నిమిషాలు. అదే 10 కిలోమీటర్లు 40 స్పీడులో దిగారు, 15 నిమిషాలు. 20 కిలోమీటర్లకి గంటన్నర, అంటే సగటు 13.3. ఎనిమిదీ నలభై కలిపి సగం చేసి 24 అనుకుంటే దెబ్బైపోతారు. ఎక్కుడులో పోయిన టైమ్ దిగుడులో తిరిగి రాదు, కావాలంటే దిగుడు టైమ్ సున్నా చేసి చూడండి, అప్పుడు కూడా సగటు 16 దాటదు.

ఇంకో సంగతి, మనిషీ సైకిలూ బ్యాగూ కలిపి 90 కిలోలు, కాళ్లు 150 వాట్లు ఇస్తున్నాయి అనుకుంటే గంటకి సుమారు 610 మీటర్ల ఎత్తు ఎక్కొచ్చు, గాలినీ టైర్ల రాపిడినీ వదిలేస్తే. చూశారా, నడకకి చెప్పిన 600కి దాదాపు సమానం. గాలీ రాపిడీ కూడా కలుపుకుని నేను సైకిల్‌కి గంటకి 500 పట్టుకుంటాను.

గాలి గురించి రెండు మాటలు. ఎండెక్కేకొద్దీ వాలులు వేడెక్కి గాలి లోయ కింది నుంచి పైకి వీస్తుంది, మధ్యాహ్నానికి సరస్సు మీద అడ్డేం ఉండదు కాబట్టి బాగా జోరందుకుంటుంది. అందుకే ఒడ్డు రోడ్డు సైకిల్ నేను పొద్దున్నే ముగించేస్తాను. కానీ నడక శిఖరం దాకానో రిడ్జ్ (కొండ వెన్ను) మీదకో ఉంటే మాత్రం నడకే ముందు, మధ్యాహ్నం ఉరుముల వేళకి కిందకి దిగిపోయి ఉండాలి, సైకిల్ ఎదురుగాలిలో తొక్కినా పర్వాలేదు.

ఫోన్ యాప్ చూపించే ఎక్కుడు ఎందుకు ఎక్కువొచ్చిందని అడిగారు. శాటిలైట్ ఎత్తు కాస్త పైకీ కిందకీ వణుకుతూ ఉంటుంది, ఆ వణుకుని కూడా కొన్ని యాప్‌లు ఎక్కుడులో కలిపేస్తాయి. గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉన్న వాచీలు నయం. నాకు కాగితం మ్యాపూ దారమూ ఇష్టం, ట్రయిల్ వెంబడి దారం పరిచి తీసి స్కేలు మీద పెడితే దూరం వచ్చేస్తుంది.

ప్రాక్టీస్ ఈసారి కొంచెం ఎక్కువే, ఒక వారం పట్టినా సరే చెయ్యండి. ఏదైనా కొండ సరస్సు మ్యాప్ తీసుకోండి, చుట్టూ దారి ఉన్నది. దారంతో దూరం కొలవండి, చుక్కలు పెట్టండి, సగం చెయ్యండి, టైమ్ కట్టండి. తర్వాత అదే లూప్‌ని ఎదురు దిశలో లెక్కపెట్టండి, మొత్తం ఎక్కుడు అంతే రావాలి, కానీ పెద్ద ఎక్కుడు ఎన్నో గంటలో వస్తుందో మారుతుంది, ఏ దిశ మంచిదో కారణంతో రాయండి. చీకటి పడే టైమ్ నుంచి వెనక్కి లెక్కేసి, ఏ చోటికి ఎన్నింటికల్లా చేరకపోతే వచ్చిన దారినే వెనక్కి తిరగాలో మ్యాప్ మీద మూడు చోట్ల పెన్సిల్‌తో వేసుకోండి. నడవగలిగిన వాళ్లు నిజంగా నడిచి, ఒక్కో వాగు దగ్గర టైమ్ రాసుకుని, మీ లెక్క పక్కన పెట్టి పంపండి. నాలుగో వంతు నాకు సరిపోయింది, మీకు మూడో వంతు కావాల్సి రావచ్చు, అది మీ సొంత నడక చూస్తేనే తెలుస్తుంది.

సైకిల్ వాళ్లు బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూసి ఉంచండి, వచ్చే పాఠం దిగుడే.