స్మార్ట్ కార్డుతో లాగిన్ అవ్వట్లేదా? ముందు ఒకటి చూడండి: పిన్ అడిగిందా, లేదా?

పొద్దున్నే సీట్లో కూర్చుని, మెళ్లోంచి ఐడీ కార్డు తీసి రీడర్‌లో పెడతాం. లాగిన్ కుదరలేదని మెసేజ్ వస్తుంది. పది నిమిషాల్లో మీటింగ్. ఆ టెన్షన్‌లో పిన్ మళ్లీ మళ్లీ కొట్టేస్తాం. అది మాత్రం చేయకండి. ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది కాస్త తెలియాలి.

కార్డు మీద బంగారు రంగులో మెరిసే చిప్ ఒక చిన్న కంప్యూటర్. అందులో మీ సర్టిఫికెట్ (మీరెవరో చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం), దానికి జతగా ఒక రహస్య కీ ఉంటాయి. తాళం వేసిన పెట్టెలో ముద్ర ఉందనుకోండి. కాగితాన్నే పెట్టెలోకి పంపి ముద్ర వేయించుకుంటారు కానీ ముద్ర బయటికి రాదు. ఇదీ అంతే. ఆఫీసు సర్వర్ కోసం కంప్యూటర్ తయారుచేసిన సందేశం చిప్‌లోకి వెళ్తుంది, సంతకంతో తిరిగి వస్తుంది. మీ పిన్ ఆ పెట్టె తాళంచెవి మాత్రమే. దాన్ని సరిచూసేది కార్డే, సర్వర్ దాకా పిన్ వెళ్లదు. అందుకే కొద్ది అంకెల పిన్ అయినా సరిపోతుంది: వరసగా కొద్దిసార్లు తప్పు కొడితే చాలు, కార్డు తనంతట తానే బ్లాక్ అయిపోతుంది.

అంటే పని మూడు మజిలీల్లో జరుగుతుంది. కార్డును చదవడం, పిన్ సరిచూడడం, సర్వర్ ఒప్పుకోవడం. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ చెప్పేదంతా ఆఫీసు డొమైన్‌లో, అంటే ఆఫీసు సర్వరే అకౌంట్లను చూసుకునే నెట్‌వర్క్‌లో, ఉన్న విండోస్ కంప్యూటర్ల గురించి. ఇంట్లో మామూలు లోకల్ అకౌంట్‌కి విండోస్‌లో ఈ పద్ధతి పనిచేయదు.

పిన్ అసలు అడగకపోతే

కార్డు కంప్యూటర్ దాకా చేరలేదన్నమాట. తిరగేసి పెట్టామేమో చూడండి. నవ్వొస్తుంది గానీ, నేనే రెండుసార్లు అలా పెట్టి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను. చిప్ మీద మురికి ఉంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దే అలవాటు కొందరికి ఉంది, అంత అవసరం లేదు. రీడర్‌ని హబ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. లాగిన్ తెర మీద ‘సైన్ ఇన్ ఆప్షన్స్’ నొక్కి కార్డు బొమ్మను ఎంచుకోండి.

ఇక్కడ అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఒకటుంది: మీ కార్డు తీసుకెళ్లి పక్క సీటు కంప్యూటర్‌లో పెట్టండి. అక్కడా చదవకపోతే చాలావరకు తప్పు కార్డుదే. అక్కడ పిన్ అడిగితే తప్పు మీ రీడర్‌లోనో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనో ఉంది.

పాస్‌వర్డుతో లోపలికి వెళ్లే వీలుంటే డివైస్ మేనేజర్‌లో ‘స్మార్ట్ కార్డ్ రీడర్స్’ కింద మీ రీడర్ కనిపిస్తోందా, దాని మీద సమస్య ఉందని చెప్పే పసుపు గుర్తు ఉందా చూడండి. తర్వాత స్టార్ట్ మెనూలో ‘సర్వీసెస్’ అని వెతికి, ‘స్మార్ట్ కార్డ్’, ‘సర్టిఫికెట్ ప్రాపగేషన్’ నడుస్తున్నాయో చూడండి. రీడర్ పెట్టనప్పుడు మొదటిది ఆగి ఉండటం మామూలే, కంగారు పడొద్దు.

కార్డులో సరైన సర్టిఫికెట్ లేదని మెసేజ్ వస్తే రీడర్ బాగానే ఉన్నట్టు. చాలావరకు సర్టిఫికెట్ గడువైనా తీరి ఉండాలి, ఆ కార్డుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ అయినా ఆ మెషీన్‌లో లేకపోయి ఉండాలి.

పిన్ తప్పంటే

రెండుసార్లకు మించి కొట్టకండి. కుడివైపు అంకెల కీలు వాడుతుంటే నమ్ లాక్ వెలిగి ఉందా చూడండి. కార్డు బ్లాక్ అయితే తెరవడానికి వేరే కోడ్ కావాలి. ఆఫీసుల్లో అది సాధారణంగా ఐటీ వాళ్ల దగ్గరే ఉంటుంది. టెండర్లకు, కంపెనీ ఫైలింగులకు వాడే డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌లోనూ ఇలాంటి చిప్పే ఉంటుంది. అది బ్లాక్ అయితే చాలా సందర్భాల్లో టోకెన్‌ని చెరిపేసి కొత్త సర్టిఫికెట్ కొనుక్కోవాల్సి వస్తుంది. ఫైలింగ్ గడువు చివరి రోజు గుర్తున్నట్టే ఉన్న పిన్‌తో ప్రయోగాలు చేయొద్దు.

పిన్ తీసుకుని, ఆ తర్వాత కాదంటే

మీ కార్డు మంచిదే, పేచీ సర్వర్‌తో. నెట్‌వర్క్ కేబుల్, వైఫై చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లో మొదటి లాగిన్ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే చేయాలి. ఒకసారి లాగిన్ అయ్యాక, ఆఫీసు అనుమతిస్తే ఇంటి దగ్గర నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

తర్వాత గడియారం. మేం వాడిన ఒక పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సాయంత్రం అటెండర్ మెయిన్ స్విచ్ ఆపేస్తే, తెల్లారేసరికి తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయేది. ఆ తేదీ ప్రకారం సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, దాన్ని నమ్మేదెలా? రెండు రోజులు కార్డునే తిట్టుకున్నాం. బ్యాటరీ మారిస్తే తగ్గిపోయింది. తేదీ సరిగ్గానే ఉన్నా టైమ్ జోన్ చూడటం మర్చిపోకండి. సర్వర్‌కూ మీకూ మామూలుగా ఐదు నిమిషాలకు మించి తేడా ఉండకూడదు.

ఇవన్నీ బాగుంటే సర్టిఫికెట్‌ను అకౌంట్‌తో జతచేయడంలో తేడా ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ 2022 మేలో ఈ జతకు నిబంధనలు కఠినం చేయడం మొదలుపెట్టి, 2025 ఫిబ్రవరి నుంచి సర్వర్లలో పూర్తిగా అమలు చేసింది. అప్పటిదాకా పనిచేసిన కొన్ని పాత సర్టిఫికెట్లకు సర్వర్లు కాదనడం అందువల్లే. ఇది మన చేతిలో లేదు, ఐటీ వాళ్లే కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా అకౌంట్‌లో సరిచేయాలి.

కార్డు కాస్త కదిలితే చాలు, కంప్యూటర్ లాక్ అయిపోతోందా? కార్డు తీస్తే లాక్ చేయమని ఆఫీసు పెట్టిన నిబంధన అది. రీడర్ వదులైంది, మార్పించండి.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసే ముందు మెసేజ్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పిన్ అడిగిందా, పక్క మెషీన్‌లో కార్డు పనిచేసిందా, ఈ రెండూ చెప్పండి. పిన్ మాత్రం చెప్పకండి, వాళ్లకు దానితో పని లేదు.