వైఫై స్పీకర్లో హైరెస్ పాటలు: ముందు బ్లూటూత్ ఆపండి

గుంటూరు బ్రాడీపేటలో మాది పాత మైక్ సెట్ షాపు. పెళ్లిళ్లకు ఆంప్లిఫయర్లు అద్దెకివ్వడం తగ్గాక, ఇళ్లకెళ్లి స్పీకర్లు బిగించే పని పెరిగింది. పిలిచేవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు. "ఇంత పోసి స్పీకర్ కొన్నాం, 24 బిట్ ఫైళ్లు పెట్టాం. ఎంపీ3కీ దీనికీ తేడా ఏదండీ?" అంటారు. వెళ్లి చూస్తే పాట బ్లూటూత్ మీద పోతూ ఉంటుంది.

సీడీలో పాట 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ (బిట్లు ధ్వనిని ఎంత సన్నగా కొలిచారో, కిలోహెర్ట్జ్ సెకనుకు ఎన్ని వేల సార్లు కొలిచారో చెబుతాయి). అంటే సెకనుకు 1,411 కిలోబిట్లు. హైరెస్ అంటే సీడీని మించినది; అందులో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ పాటకు, కుదించకముందు, 4,608. ఇక బ్లూటూత్‌లో అన్ని స్పీకర్లకూ తెలిసిన ఎస్‌బీసీ కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) మామూలుగా మోసేది 328 దాకానే. సోనీ వాళ్ల ఎల్‌డ్యాక్ 990 వరకు వెళ్తుంది గానీ అది ఫోన్లోనూ ఉండాలి, స్పీకర్లోనూ ఉండాలి. ఐఫోన్లలో లేదు. ఉన్నచోట కూడా సిగ్నల్ పల్చబడితే 660కీ, 330కీ దిగిపోతుంది. కోటప్పకొండ తిరునాళ్లకు కట్టిన ప్రభను ఇరుకు సందులోంచి తీసుకెళ్లాలంటే ఏం చేస్తారు? ఊడదీసి, కొంత అక్కడే వదిలేసి, మిగిలింది అవతల మళ్లీ కడతారు. బ్లూటూత్‌లో మీ ఫైలుకు జరిగేది అదే.

కాబట్టి ఫోన్ పాటను మోయకూడదు. "ఫలానా చోట ఫైలుంది, తెచ్చుకో" అని స్పీకర్‌కు చెప్పి ఊరుకోవాలి. స్పీకరే వైఫైలో ఆ ఫైలును ఉన్నదున్నట్టు లాక్కుని, తన లోపల విప్పుకుని పాడాలి. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ఏర్పాటు గురించే.

ముందు మీ స్పీకర్ ఎంతవరకు తీసుకుంటుందో చూడండి. పెట్టె మీద బంగారు రంగు స్టిక్కర్ కాదు, కంపెనీ సైట్లో "సపోర్టెడ్ ఫార్మాట్స్" అని ఉండే పట్టిక చూడాలి. సోనోస్ వాళ్ల ఎస్2 యాప్‌తో నడిచేవాటిలో చాలావరకు 24 బిట్ తీసుకుంటాయి గానీ 48 కిలోహెర్ట్జ్ దాటితే పాడవు. గూగుల్ క్యాస్ట్ పద్ధతిలో ఫ్లాక్ ఫైలు (నాణ్యత పోకుండా కుదించినది) 24 బిట్, 96 వరకు వెళ్తుంది. బ్లూసౌండ్, తొలి తరం కాని హియోస్ రకాలు 192 దాకా తీసుకుంటాయి. స్పీకర్ గీత 48 దగ్గరుంటే బెంగ పడక్కర్లేదు. కంప్యూటర్లో ఫూబార్2000 కన్వర్టర్‌తో, రీశాంప్లర్ పెట్టి, 96, 192 ఫైళ్లను 48కి, 88.2 ఫైళ్లను 44.1కి దించుకోండి. బిట్లు మాత్రం 24 అలాగే ఉంచండి. అసలు ఫైళ్లను చెరపకండి, రేపు స్పీకర్ మారుస్తారు. నన్నడిగితే, హాల్లో ఫ్యాను తిరుగుతూ, కింద ఆటోలు పోతూ ఉండగా 96కీ 48కీ తేడా పట్టగల చెవి నాకు ఇంతవరకూ తగల్లేదు. 192 స్పీకర్ కోసం అదనంగా డబ్బు పెట్టొద్దనే చెబుతాను.

పాటలు వావ్ రూపంలో (కుదించని ఫైళ్లుగా) ఉంటే ఫ్లాక్‌లోకి మార్చండి. నాణ్యత పోదు, సైజు చాలా తగ్గుతుంది. పైగా వావ్‌లో పాట పేరు, పాడినవారి పేరు సరిగా నిలవవు. ఫ్లాక్‌లో తెలుగు లిపిలో రాసుకున్నా చక్కగా కనిపిస్తాయి. డీఎస్‌డీ ఫైళ్లు (సూపర్ ఆడియో సీడీల్లో వాడే రకం) చాలా స్పీకర్లకు ఎక్కవు, వాటినీ ఫ్లాక్ చేసుకోవడమే మేలు.

ఫైళ్లు ఎక్కడ పెట్టాలి? పరీక్షకైతే ఫోన్లోనే ఉండనివ్వండి. ఆండ్రాయిడ్‌లో బబుల్‌యూపీఎన్‌పీ అనే యాప్ వేసి, "లైబ్రరీ" దగ్గర ఫోన్‌నూ, "రెండరర్" దగ్గర స్పీకర్‌నూ ఎంచుకుని పాట నొక్కండి. ఫోన్లోని ఫైలే గానీ ఇప్పుడు బ్లూటూత్‌లో కాదు, వైఫైలో యథాతథంగా వెళ్తుంది. తేడా వినబడిందా, అప్పుడు శాశ్వత ఏర్పాటుకు దిగండి. మూలన పడున్న ల్యాప్‌టాప్ చాలు. మినిమ్‌సర్వర్ లాంటి మీడియా సర్వర్ (స్పీకర్‌కు ఫైళ్లు అందించే ప్రోగ్రామ్) వేసి పాటల ఫోల్డర్ చూపించి, ఫోన్ యాప్‌లో "లైబ్రరీ" దగ్గర ఈసారి ఆ సర్వర్‌ను ఎంచుకుంటే సరి. జెల్లీఫిన్ అనే సర్వర్ వాడేవాళ్లు ట్రాన్స్‌కోడింగ్ సంగతి చూసుకోండి, స్పీకర్‌కు చేతకాదనుకుంటే సర్వరే దారిలో ఎంపీ3గా మార్చి పంపేయగలదు. సోనోస్‌కైతే దాని యాప్‌లోనే మ్యూజిక్ లైబ్రరీ కింద కంప్యూటర్లోని షేర్డ్ ఫోల్డర్‌ను కలపాలి. ఐఫోన్ నుంచి ఆపిల్ వాళ్ల వైఫై పద్ధతి ఎయిర్‌ప్లేలో పంపితే సీడీ స్థాయి దగ్గర ఆగుతుంది. దానికదే బాగానే ఉంటుంది గానీ హైరెస్ కాదు.

సర్వర్ పెట్టాక ఒక చిన్న పరీక్ష. పాట నడుస్తుండగా ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై, బ్లూటూత్ కూడా ఆగాయో లేదో చూసుకోండి. ఆ పాట చివరిదాకా సాగితే స్పీకర్ సొంతంగా తెచ్చుకుంటోందని అర్థం. కాసేపటికి ఆగిపోతే పాట ఇంకా ఫోన్లోంచే వస్తోంది.

ఇక నా టైమంతా తినేసేది వైఫై. "యాప్‌లో స్పీకర్ కనపడట్లేదండీ" అని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది, ఇంట్లో రౌటర్లు ఎన్ని అని. నెట్ వాళ్లు గుమ్మం దగ్గర ఒక ఫైబర్ బాక్స్ పెడతారు, లోపలి గదికి సిగ్నల్ అందక ఇంటివాళ్లు ఇంకోటి కొని తగిలిస్తారు. రెండోది తన సొంత నెట్‌వర్క్ నడుపుతుంది. స్పీకర్ ఒకదాంట్లో, ఫోన్ ఇంకోదాంట్లో ఉంటాయి. రెండిట్లోనూ నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రెండో రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి "యాక్సెస్ పాయింట్ మోడ్"కు మార్చండి, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. గెస్ట్ వైఫైలో స్పీకర్‌ను కలపకండి, అందులో ఒక పరికరానికి ఇంకోటి కనపడకుండా చేస్తారు. మామూలు వైఫైలో కూడా "ఏపీ ఐసోలేషన్" అనేది ఆన్‌లో ఉంటే ఆపేయండి.

స్పీకర్ కనపడి, పాట మధ్యమధ్య తెగుతుంటే అది జోరు సమస్య కాదు, రద్దీ సమస్య. 192 కిలోహెర్ట్జ్ పాట కుదించకముందు కూడా సెకనుకు 10 మెగాబిట్లు దాటదు. కానీ అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పక్కిళ్ల రౌటర్లన్నీ అరుస్తుంటాయి. స్పీకర్ 5 గిగాహెర్ట్జ్ పట్టగలదైతే అందులో పెట్టండి, అయితే తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాటేసరికి అది నీరసపడుతుంది, రౌటర్ అదే గదిలో ఉంటే మంచిది. 2.4 తప్పదంటే ఛానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. స్పీకర్ వెనక లాన్ పోర్టు (నెట్ తీగ గుచ్చే చోటు) ఉంటే ఇవేవీ వద్దు, రౌటర్ నుంచి దానికి తీగ వేసేయండి. గోడ మీద తీగ కనిపిస్తుందని ఇల్లాళ్లు ఒప్పుకోరంటారు గానీ, నేను చూసినంతలో అడ్డు చెప్పేది ఎక్కువగా మగవాళ్లే.

ఫైళ్ల గురించి ఒక హెచ్చరిక. "ఘంటసాల పాటలు, 24 బిట్" అంటూ చేతులు మారే ఫోల్డర్లలో చాలా వరకు ఎంపీ3లకు ఫ్లాక్ చొక్కా తొడిగినవే. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిస్తే పాట బొమ్మగా కనిపిస్తుంది. అందులో 16 కిలోహెర్ట్జ్ (ఇక్కడ ఇది శ్రుతి ఎత్తు) దగ్గర కత్తితో కోసినట్టు తిన్నగా ఆగిపోతే ఎక్కువగా అది ఎంపీ3 నుంచి వచ్చిందే. పాత టేపు రికార్డింగ్‌లోనూ పై శ్రుతులు తక్కువే, కానీ అవి మెల్లగా పలచబడతాయి తప్ప గీత గీసినట్టు ఉండవు. ఇంట్లో క్యాసెట్లు మీరే ఎక్కించుకుంటుంటే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. లెవెల్ కాస్త తక్కువలో పెట్టి రికార్డ్ చేయండి, 24 బిట్ వల్ల అసలు లాభం అక్కడే.

చివరిగా కరెంటు సంగతి. ఎండాకాలం కరెంటు పోయొచ్చినప్పుడు స్పీకర్ ముందే లేచి, రౌటర్ ఇంకా లేవక, నెట్‌వర్క్ దొరక్క మొరాయిస్తుంది. రౌటర్‌నీ సర్వర్‌నీ ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చండి. సర్వర్‌కు రౌటర్లో అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) రిజర్వ్ చేసిపెడితే అది మారదు. అప్పటికీ స్పీకర్ కనపడకపోతే, రౌటర్ లైట్లన్నీ నిలకడగా వెలిగాక స్పీకర్ ప్లగ్ ఒకసారి తీసి పెట్టండి.